సాలుకూ పాలుకూ తేడా

మార్కండేయ రథోత్సవానికి మా నేతవాళ్ల సంఘం ఏటా ఒక ప్రత్యేక సంచిక వేస్తుంది. ఈసారి అందులో సారిక జీవితం గురించి రెండు పేజీలు రాయమని సంఘం కార్యదర్శి పెంటప్ప నన్ను అడిగాడు.

"దత్తాత్రి, గిది నువ్వే రాయాలె. మిగతోళ్లకు ఒత్తులు రావు," అన్నాడు.

ఆయన అన్నది నిజమే. షోలాపూర్‌లో స్థిరపడ్డ మా తెలుగువాళ్ల పిల్లలు మరాఠీ బడికో ఇంగ్లీషు బడికో పోతారు. తెలుగు మాట్లాడటం వచ్చు కానీ చదవడం, రాయడం రాదు. నేను తెలుగు బడిలో పదో తరగతి దాకా చదివాను. మా భవాని పేట్‌లో పెళ్లి పత్రిక వేయించినా, చావు కబురు అచ్చు వేయించినా ముందు నా దగ్గరికి తెస్తారు. ఒక్క అక్షరం కూడా తప్పు పోనివ్వడని నాకు పేరు. ఆ పేరు ఏమైందో తర్వాత చెబుతాను.

పెంటప్పకు తెలియని సంగతి ఒకటుంది. సారిక పేరు వింటేనే నాకు కడుపు మండుతుంది. ఆమె నా తమ్ముడు ఋషికేశ్ భార్య. తొమ్మిదేళ్లుగా మండుతోంది. ఇలాంటివాడి చేత పొగడ్తలు రాయించడం పెంటప్ప చేసిన పొరపాటు. ముందే చెప్పేస్తున్నాను కాబట్టి, నేను రాసేదాంట్లో ఎంత నమ్మాలో చదివేవాళ్లే చూసుకోవాలి.

మంట ఎక్కడ మొదలైందో నాకు బాగా గుర్తు. మా నాన్న కిష్టయ్యకు ఎనిమిది సాంచాలుండేవి. మరమగ్గాలను మేం సాంచాలంటాం. తొమ్మిదేళ్ల కింద ఆయన షెడ్డు మధ్యలో సుద్దముక్కతో గీత గీసి, మా ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టాడు.

"గిది నీ పాలు, గది నీ తమ్ముని పాలు. ఇగ లొల్లి వద్దు," అన్నాడు.

చెరి నాలుగు సాంచాలు. కిటికీ తమ్ముడి వైపు పడింది. గాలి వాళ్లకు ఎక్కువ వస్తుందని నాకు ఆ రోజే అనిపించింది. గీత ఉన్నచోట తర్వాత గోడ లేచింది. సారిక పది సాంచాలతో మొదలుపెట్టి ఉంటే నా మనసుకు ఏదో ఒకటి సర్దిచెప్పుకునేవాణ్ణి. ఇద్దరం ఒకే రోజు, ఒకే ఇంట్లో, నాలుగేసి సాంచాలతో మొదలుపెట్టాం. ఆ వంక కూడా నాకు దొరకలేదు.

సారిక బీడీలు చేసే ఇంటి పిల్ల. వాళ్లమ్మ మల్లమ్మ జోడ్‌భావి పేట్‌లో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టింది. రోజుకు వెయ్యి. ఒళ్లో చేట, చేటలో ఆకు, తంబాకు, దారం. వంట పొయ్యి మీద ఉడుకుతున్నా, ఎవరితో మాట్లాడుతున్నా, కరెంటు పోయినా, ఆ చేట ఒళ్లోంచి దిగేది కాదు. ఆమెకు పని మొదలుపెట్టే వేళ ఉండేది కానీ ఆపే వేళ ఉండేది కాదు. చిన్నప్పుడు సారికకు జ్వరం వచ్చి అమ్మ దగ్గరికి పోతే, మల్లమ్మ ఒక చేత్తో బిడ్డ నుదురు పట్టి చూసి, రెండో చేత్తో బీడీ మడుస్తూనే ఉందట. "మా అమ్మ ఒళ్లె ఎన్నడు కూసోలే, ఆడ జాగుంటే కద," అని సారిక ఒకసారి అందట. ఈ మాట ఆమె నాతో అనలేదు. నా కూతురు కాజల్‌తో అంటే, కాజల్ వచ్చి నాకు చెప్పింది. సారిక గురించి నాకు తెలిసినవన్నీ ఇలా కూతురి నోటి నుంచి తెలిసినవే. అది వేరే మంట.

పాళ్లు పంచుకున్న తర్వాత సారిక పెట్టిన మొదటి నియమం, సాయంత్రం ఆరు కొడితే సాంచాలు ఆగాలని. పేటంతా నవ్వింది. పేటలో సాంచాలు పొద్దూ మాపూ నడుస్తాయి. ఆపితే నష్టం. నేనూ నవ్వాను, అందరికంటే గట్టిగా.

ఆమె దుప్పట్లు మానేసి తువ్వాళ్లు నేయించడం మొదలుపెట్టింది. నూలు తనే ఎంచుకునేది. తువ్వాల నీళ్లు పీల్చకపోతే ఆ తాను మొత్తం పక్కన పెట్టేసేది. ఫొటోలు తీసి ఫోన్లో ఎవరెవరికో పంపేది. అడిగేవాళ్లు పెరిగారు. షెడ్డు తలుపుకు ఒక పలక వేలాడదీసి, నెలకు నాలుగు సాంచాల మీద ఎంత నేయగలరో అంతవరకు పేర్లు రాసుకునేది. పలక నిండాక ఎవరు ఫోన్ చేసినా ఒకటే మాట. "సాలు. ఈ నెలకు సాలు." కొన్నాళ్లకు జనం ఆ తువ్వాళ్లను సాలు తువ్వాళ్లనడం మొదలుపెట్టారు. ఆమె కూడా ఆ పేరే ఉంచుకుని, అంచులో తెలుగు అక్షరాలతో 'సాలు' అని నేయించింది.

"కంపెనీకి సాలు అని పేరు పెట్టుకుంటరా ఎవరన్న? గిరాకీని ఇంటికి పొమ్మన్నట్టుంది," అని నేను తమ్ముడితో అన్నాను.

"నాకేం తెల్వదన్న, ఆమెనడుగు," అన్నాడు వాడు. వాడికి సాంచా బాగుచేయడం తప్ప మిగతావేవీ పట్టవు. వాళ్లిద్దరికీ గొడవ పడగా నేను ఎప్పుడూ వినలేదు. వినడానికి ప్రయత్నించాను కూడా.

పుణె నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేసి తన కూతురి పెళ్లికి శాలు కావాలంది. మరాఠీలో శాలు అంటే పెళ్లికూతురు కట్టే జరీ చీర. ఇంకొకరైతే నవ్వి ఫోన్ పెట్టేసేవాళ్లు. సారిక పావుగంట మాట్లాడి, చీర తన దగ్గర లేదని చెప్పి, పెళ్లివారికి పెట్టడానికి నలభై తువ్వాళ్లు అమ్మింది. అది కూడా వచ్చే నెలకు. ఈ కథ పేటంతా పాకింది. నాకు నాలుగు వైపుల నుంచి నాలుగుసార్లు చెప్పారు.

అన్నీ బాగా జరిగాయని రాస్తే అబద్ధమవుతుంది. ఒక ఏడాది దీపావళికి ఎక్కువ సరుకు కావాలన్న ఇద్దరు పెద్ద గిరాకీదార్లు, ఆమె ఒప్పుకోలేదని విడిచిపోయారు. మూడు నెలలు రెండు సాంచాలు ఊరికే నిలబడ్డాయి. ఋషికేశ్ ఇంకొకరి షెడ్డులో పనికి పోయాడు. సారిక మళ్లీ చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టింది. అప్పుడు కూడా ఆరు కొడితే చేట దించేసేది. ఆ మూడు నెలలు నాకు అన్నం రుచిగా ఉండేది. రాయడానికి సిగ్గుగా ఉంది కానీ ఉండేది. తర్వాత ఆమె మెల్లగా లేచి, తొమ్మిదేళ్లలో నాలుగు సాంచాలను ఆరు చేసింది. అంతే. ఆరు దగ్గర మళ్లీ సాలు అంది.

నా సంగతి వేరు. నేను నాలుగుతో ఆగే మనిషిని కాదు. ఒక కంపెనీ పెట్టాను. దాని పేరు ఇంగ్లీషులో ఉండేది. పుణెలో ఒకాయనకు నా మాటలు నచ్చి పెట్టుబడి పెట్టాడు. ఊరి బయట అద్దె షెడ్డు తీసుకుని ఇరవై నాలుగు సాంచాలు బిగించాను. రెండు షిఫ్టులు. హోట్గి రోడ్‌లో ఫ్లాటు కొనాలని దాని ఫొటోలు కూడా తెచ్చి ఇంట్లో పెట్టాను. పొద్దున కాజల్ లేవకముందే పోయి, అది పడుకున్నాక వచ్చేవాణ్ణి. ఆదివారం ఇంట్లో ఉన్నా ఒళ్లో ల్యాప్‌టాప్ ఉండేది. నా భార్య పూనం మొదట్లో కోప్పడేది. తర్వాత కోప్పడటం మానేసింది. నాకు అదే హాయిగా ఉందనుకున్నాను.

కాజల్ మాత్రం రోజూ ఆరు కాగానే వెనక తలుపు నుంచి సారిక ఇంటికి పోయేది. సారికకు పిల్లల్లేరు. ఆమె దగ్గర లేనిదీ నా దగ్గర ఉన్నదీ అదొక్కటేనని నేను లోపల లెక్క పెట్టుకున్న రోజులున్నాయి. అది కూడా ఆరు కాగానే ఆమె దగ్గరికే పోయేది. ఆదివారం సాయంత్రం గోడ అవతల సాంచాల చప్పుడు ఉండదు కాబట్టి నవ్వులు బాగా వినబడేవి. సారిక అరుగు మీద కూర్చునేది, కాజల్ ఆమె ఒళ్లో తల పెట్టుకుని పడుకునేది. పలక మీద ఏవో రాసుకునేవాళ్లు. ఏం రాస్తున్నారని నేను ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే అక్కడ నాకూ ఆసక్తి ఉందని తెలిసిపోతుంది.

ఇలా ఉండగా, పుణెలో హోటళ్లు నడిపే ఒకాయన సారికను వెతుక్కుంటూ వచ్చాడు. సాలు తువ్వాళ్లు ఆరు వేలు, అదీ రెండు నెలల్లో కావాలన్నాడు. సారిక ఆయనకు టీ ఇచ్చి, ఏడాది గడువిస్తే నేస్తానంది. ఆయన కుదరదన్నాడు. అప్పుడు ఆమె ఆయన్ను వెంటబెట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"బావ, మీకు పెద్ద షెడ్డుంది కద. ఈ సాహెబ్‌కు మీరు నేసియ్యుండ్రి. పేరు గదే ఉండాలంటుండు. వాడుకోండ్రి, నాకేం వద్దు. ఒక్కటే మాట. మొదటి తువ్వాల నాకు సూపెట్టుండ్రి," అంది.

నాకు ఆ రోజుల్లో ఊపిరాడటం లేదు. పెట్టుబడి పెట్టినాయన పెద్ద ఆర్డరు ఒకటి చూపించు, లేదంటే మూసెయ్ అని నెలరోజులుగా అంటున్నాడు. ఈ ఆరు వేల తువ్వాళ్లు సమయానికి పంపితే నా కంపెనీ నిలుస్తుంది. పంపకపోతే పోతుంది. సరే అన్నాను. సంతోషించాల్సినవాణ్ణి. కానీ ఆమె తినగా మిగిలింది నాకు పెట్టినట్టు అనిపించింది. నా ఇరవై నాలుగు సాంచాలు ఆమె పేరు నేయాలి.

అంచులో అక్షరాలు రావాలంటే ముందు గ్రాఫు గీయాలి. గ్రాఫు గడులను బట్టి కార్డులకు చిల్లులు పడతాయి, కార్డులను బట్టి దారం లేస్తుంది. మా గ్రాఫులు గీసే ఓంకార్‌కు మరాఠీ, ఇంగ్లీషు వచ్చు. తెలుగు చదవడం రాదు. సారిక తువ్వాల ఫొటో చూసి కంప్యూటర్లో గీశాడు. 'స'కూ 'ప'కూ మధ్య ఉండే తేడా ఒక చిన్న మెలిక. గ్రాఫు మీద చూస్తే ఐదారు గడులు. ఫొటోలో దారం పోగు లేచిందనుకుని అతను ఆ మెలికను నున్నగా చేసేశాడు. చేసి, మొదటి తువ్వాల ఫొటో నాకు పంపి, బాగుందా అని అడిగాడు.

ఫోన్లో ఆ ఫొటో తెరిచాను. నీలం అంచు, తెల్ల అక్షరాలు. ఆమె పేరని తెలుసు కాబట్టి దాని మీద కన్ను నిలపలేదు. పెద్దది చేసి చూడలేదు. బాగుందని బొటనవేలు బొమ్మ పంపి, ఫోన్ జేబులో పెట్టుకున్నాను. మొదటి తువ్వాల సారికకు చూపించలేదు కూడా. ఆమె దగ్గరికి పోయి సరేనా అని అడిగే ఖర్మ నాకేం పట్టిందనుకున్నాను. పేటలో పెళ్లి పత్రికలన్నీ దిద్దే మనిషిని, నాలుగు అక్షరాలు కూడా లేని మాటను చదవలేదు.

షెడ్డులో రెండు షిఫ్టుల్లోనూ తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. చదివేవాడు ఒక్కడూ లేడు. ఐదు వారాల్లో నాలుగు వేల తువ్వాళ్లు దిగాయి. బుధవారం మొదటి లారీ పోవాలి. ఆదివారం ఒక తువ్వాల ఇంటికి తెచ్చి పూనంకు ఇచ్చాను. ఆమె దాన్ని నీళ్ల కుండ పక్కన వేలాడదీసింది. కాజల్ చేతులు కడుక్కుని వచ్చి, తుడుచుకోబోయి, ఆగింది.

"పా... లు. పాలు. పప్పా, తువ్వాల మీద పాలు అని ఎందుకు రాసిండ్రు?"

నేను ల్యాప్‌టాప్ నుంచి తల ఎత్తలేదు. "సాలు అది. సరిగ్గ సదువు."

"సరిగ్గనే సదివిన. గిది ప. స కు ఈడ మెలికుంటది. ఈడ లేదు."

లేచి పోయి చూశాను. పాలు. నీలం అంచు మీద తెల్లగా, స్పష్టంగా, పాలు.

"నీకు తెలుగు సదవొస్తదా?" అన్నాను.

"ఎప్పటిసందో వస్తది. సిన్నమ్మ నేర్పింది."

అప్పుడు నాకు ముందుగా మండింది నాలుగు వేల తువ్వాళ్ల గురించి కాదు. ఊళ్లో అందరికీ అక్షరాలు దిద్దేవాణ్ణి నేను. నా కూతురికి అక్షరాలు దిద్దించింది ఆమె. పలక మీద వాళ్లు రాసుకున్నది అదన్నమాట. ఆ మంట కాస్త తగ్గాక కంపెనీ గుర్తొచ్చింది. వెళ్లి గడప మీద కూర్చున్నాను.

కాసేపటికి ఒక ఆలోచన వచ్చింది. హోటలాయనకు తెలుగు రాదు. పుణెలో ఆ తువ్వాలతో మొహం తుడుచుకునేవాళ్లకు తెలుగు రాదు. ఒక్క మెలిక. ఎవరు చూస్తారు?

"కాజల్, సిన్నమ్మకు చెప్పకు," అన్నాను.

"ఎందుకు?"

"నేనే చెప్త. తర్వాత."

అది సరేనని తలూపింది. కానీ ఆ సాయంత్రం సారిక ఇంటికి పోలేదు. సోమవారం కూడా పోలేదు. ఆరింటికి మా వెనక మెట్ల మీద కూర్చుందట, అటు పోకుండా, ఇటు లోపలికి రాకుండా. మంగళవారం మధ్యాహ్నం పూనం షెడ్డుకు ఫోన్ చేసి చెప్పింది.

"పోతే సిన్నమ్మ ఏమైందని అడుగుతదట. అడిగితే అబద్ధం చెప్పరాదట. రెండు రోజులసంది మెట్ల మీదనే కూసుంటుంది. పిల్లకు నువ్వు ఏం చెప్పినవ్?"

నేను నిజాయితీపరుణ్ణని ఎవరూ అనుకోవద్దు. పూనం ఆ ఫోన్ చేయకపోతే బుధవారం లారీ పోయేదే. కూతురు నా ఇంట్లో ఉండకపోవడానికి అలవాటుపడ్డాను. నా వల్ల ఆ ఇంటికి కూడా పోలేకపోవడం మాత్రం తట్టుకోలేకపోయాను. స్కూటర్ తీసి ఇంటికొచ్చాను. ఒక తువ్వాల చేతిలో పట్టుకుని సారిక షెడ్డు తలుపు దగ్గర నిలబడేసరికి ఆరుకు పది నిమిషాలుంది.

ఆరు సాంచాలు నడుస్తున్నాయి. మాట వినబడదు. సారిక నన్ను చూసి, చేత్తో ఆగమని సైగ చేసి, తన పని తాను చేసుకుంది. పది నిమిషాలు నన్ను నిలబెట్టింది. ఆరు కాగానే ఋషికేశ్ మీట దించాడు. చప్పుడు ఆగిపోయింది. పక్కింట్లో పోపు వేసిన చప్పుడు, వీధిలో సైకిల్ గంట వినిపించాయి. భవాని పేట్‌లో ఆ వేళకు ఇవి వినబడతాయని నాకు అప్పటిదాకా తెలియదు.

తువ్వాల ఇచ్చాను. ఆమె అంచు మీద వేలు పెట్టి చదివింది.

"గిది పాలు, బావ."

"అవును."

"ఎన్ని నేసిండ్రు?"

"నాలుగు వేలు."

సారిక నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"పేటల అందరి కార్డులు దిద్దుతరు. గిది సూడలేదా?"

"సూడలే."

"ఎందుకు?"

"నీ పేరుందని," అన్నాను. "నీ పేరు సూస్తే నాకు మంట. తొమ్మిదేండ్లసంది."

ఆమె తువ్వాల మడత పెడుతూ అంది. "నాకెరుకనే బావ. గోడ పల్చగుంటది. అన్ని వినొస్తయి."

అప్పుడు అసలు సంగతి అడిగాను. హోటల్‌వాళ్లకు తెలుగు రాదు, రేపు పంపేస్తాను, నువ్వు ఊరుకుంటే చాలు అన్నాను.

"వాళ్లకు రాదు. మనకొస్తది కద," అంది. "గీ తువ్వాల నాది కాదు. పంపకుండ్రి."

"పంపకపోతే నా కంపెనీ పోతది, సారికా."

"ఎరుకనే."

"అయితే పొద్దూ రాత్రి నడిపిద్దాం. నీ ఆరు, నా ఇరవై నాలుగు. తమ్ముడుంటడు, నేనుంట. ఇరవై దినాలు. మల్ల మొత్తం నేసి ఇద్దాం."

ఆమె తన ఆరు సాంచాల వైపు చూసింది. ఒప్పుకుంటుందనే అనుకున్నాను. "మీ షెడ్డుల మీ ఇష్టం బావ. మంచి కార్డులు నేను దగ్గరుండి కొట్టిపిస్త. ఈడ మాత్రం ఆరు దాటినంక నడవయి. మీ కోసం గూడ నడవయి," అంది.

తొమ్మిదేళ్ల మంట ఒక ఎత్తు, ఆ రోజు మంట ఒక ఎత్తు. ఆమె నా ముందే హోటలాయనకు ఫోన్ చేసింది. పేరు తప్పు పడిందని, తప్పు మాదేనని, నలభై రోజులు ఇస్తే సరైనవి పంపుతామని మరాఠీలో చెప్పింది. మా బావది అనలేదు, మాది అంది. ఆయన మర్యాదగానే మాట్లాడాడట. హోటల్ తెరిచే రోజు ఖరారైందని, ఆగలేనని, ఇంకెక్కడైనా కొనుక్కుంటానని అన్నాడట. ఫోన్ పెట్టేసి ఆమె నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చింది. నేను తాగలేదు.

రెండు నెలల్లో కంపెనీ మూతబడింది. పెట్టుబడి పెట్టినాయన ఇరవై నాలుగు సాంచాలనూ తీసుకున్నాడు. నేను గోడకు ఈవలి నాలుగు సాంచాల దగ్గరికి వచ్చాను, మా నాన్న నిలబెట్టిన చోటుకే. నాలుగు వేల తువ్వాళ్లను వచ్చిన ధరకు పేటలోనే అమ్మేశాను. ఇప్పుడు భవాని పేట్‌లో, జోడ్‌భావి పేట్‌లో ఏ దండెం చూసినా పాలు ఆరుతుంటాయి. మా పాలవాడు యాభై కొని, తన ఖాతాదార్లకు తలా ఒకటి పంచాడు. నన్ను చూస్తే చాలు, పాలు ఎంతకిచ్చినవ్ అని అడుగుతారు. పాలంటే వాటా అని కూడా అర్థం ఉందని, నా వాటా నాకు దక్కిందని పెంటప్పే సంఘంలో అందరి ముందూ అన్నాడు. అంతా నవ్వారు. సారిక లేదు అక్కడ. ఉంటే నవ్వేది కాదని నాకు తెలుసు, దానికీ మంటే.

ఇప్పుడు నా సాంచాలు ఆరుకు పది నిమిషాల ముందు ఆగుతాయి. నాకు జ్ఞానం వచ్చిందని పేటలో కొందరంటున్నారు. జ్ఞానం కాదు. ఆమె ఆరింటికి ఆపుతుంది, నేను అంతకంటే ముందు ఆపుతాను. నేను చేతులు కడుక్కుని అరుగు మీద కూర్చున్నాక గోడ అవతల ఇంకా పది నిమిషాలు ఆమె సాంచాలు కొట్టుకుంటూ ఉంటాయి. రోజు మొత్తంలో నాకు బాగా నచ్చే పది నిమిషాలు అవే.

నేను మొదట్లో అరుగు మీద ఒక్కణ్ణే కూర్చునేవాణ్ణి. ఒక రోజు కాజల్ పలకతో వచ్చింది. సారిక తెలుగు బడిలో ఆరో తరగతి దాకానే చదివింది. అక్షరాలు, గుణింతాలు వచ్చు కానీ ఒత్తుల దగ్గర తడబడుతుంది. "సిన్నమ్మకు ఒత్తులు రావట. నీకొస్తయట కద, నేర్పు పప్పా," అంది కాజల్. ఆ మాట నాకు ఎంత తీపిగా ఉందో పెంటప్పకు అర్థం కాదు. ఆ రోజు నుంచి ఆరుకు పది నిమిషాల ముందే కాజల్ నా దగ్గరికి వస్తోంది. నా ఒళ్లో తల పెట్టుకుని, పలక గుండెల మీద పెట్టుకుని రాస్తుంది. అది నా ఒళ్లో తల పెట్టుకోవడం ఇన్నేళ్లలో ఇదే మొదలు. ల్యాప్‌టాప్ కంపెనీతోనే పోయింది. ఒత్తుల పాఠం మెల్లగా చెబుతున్నాను. వారానికి రెండు ఒత్తులు, అంతకంటే వద్దు. గోడ అవతలికి పోయే వేళ రోజురోజుకూ తగ్గిపోయి, కిందటి వారానికి పూర్తిగా పోయింది.

కిందటి గురువారం ఆరుంపావుకు సారిక మా వాకిట్లోకి వచ్చింది. చేతులు ఇంకా తడిగానే ఉన్నాయి.

"కాజల్ వస్తలేదేంది అని..." అంటూ ఆగిపోయింది.

కాజల్ నా ఒళ్లో ఉంది. సారిక దాన్ని చూసింది, తర్వాత నన్ను చూసింది. ఆ చూపు నాకు బాగా తెలుసు. గోడకు ఈవల నిలబడి తొమ్మిదేళ్లు నేను చూసిన చూపే అది. ఆమెకు నన్ను చూసి మండుతోంది. నాకు, దత్తాత్రికి, పాలు తువ్వాళ్లవాడికి ఈ రోజు వస్తుందని ఎవరనుకుంటారు? తొమ్మిదేళ్లు దీని కోసమే కాచుకున్నాను. వచ్చిన రోజు పేటంతా పేడాలు పంచాలనుకున్నాను. తీరా వచ్చాక, ఆమె తడి చేతులు కొంగుకు తుడుచుకుంటూ వెనక్కి తిరిగే వేళ, నాకు సంతోషం కలగలేదు. ఆ మంట ఎట్లా ఉంటుందో, ఎంతసేపు ఉంటుందో నాకంటే ఎక్కువ తెలిసినవాడు షోలాపూర్‌లో లేడు.

"సారికా," అన్నాను. "ఇటు రా. నీకు గూడ ఒత్తులు రావు కద. కూసో."

ఆమె మళ్లీ ఇటు తిరిగింది. తర్వాత వచ్చి అరుగు చివర కూర్చుంది.

"సిన్నమ్మతోని చిన్నమ్మ అని రాయించు పప్పా, అందుల రెండు ఒత్తులున్నయి," అంది కాజల్.

పలక ఇచ్చాను. సారిక తల వంచి, నాలుక పళ్ల మధ్య పెట్టుకుని, చిన్నపిల్లలా మెల్లగా రాసింది. న ఒత్తు బాగానే వచ్చింది. మ ఒత్తు తిరగబడింది. కాజల్ ఆగలేకపోయింది. నా ఒళ్లోంచి తల తీసి, అరుగు మీద జరుగుతూ పోయి, ఆమె ఒళ్లో వాలి, ఆమె చెయ్యి పట్టుకుని దిద్దించింది. నా ఒళ్లు ఖాళీ అయింది. కడుపు మళ్లీ మండింది, ఎప్పటిలాగే.

సారిక పలక నా వైపు తిప్పింది. చిన్నమ్మ. రెండు ఒత్తులూ సరిగ్గా ఉన్నాయి, ఒక్క తప్పు లేదు.

"సాలా, బావ?" అని అడిగింది.

"సాలదు," అన్నాను. "ఇంకోసారి రాయి."